ముక్క తీస్తే పాకుతుందట!

మొన్న ఓపీలో ఒకాయన ప్రొస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) ఎంఆర్ఐ ఫిల్ములు బల్ల మీద పెట్టి, నేను నోరు తెరవకముందే చెప్పేశాడు: "ముక్క పరీక్ష మాత్రం వద్దు సార్. తేనెతుట్టెను కదిపినట్టవుతుంది." రక్తంలో పీఎస్ఏ (ప్రొస్టేట్ తయారుచేసే ప్రోటీన్) 14, ఎక్కువే. స్కాన్‌లో పిరాడ్స్ 5 మచ్చ, అంటే క్యాన్సర్ అనుమానం బాగా ఎక్కువ. సూదితో ముక్క తీసి చూడకుండా (దీన్నే బయాప్సీ అంటాం) ఏ మందు రాయమంటారో!

యూరాలజిస్టుగా నేను విన్న అపోహలన్నిటిలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే: ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని. చెప్పేవాళ్ల దగ్గర సాక్ష్యం కూడా సిద్ధంగా ఉంటుంది. "మా బాబాయికి ముక్క తీశారు, ఆరు నెలల్లో పోయాడు" అంటారు. వివరాలు అడిగితే, ఆ బాబాయి అప్పటికే నెలల తరబడి నడుము నొప్పితో తిరిగినవాడై ఉంటాడు. జబ్బు ఎముకల్లోకి చేరాక బయాప్సీలో దాని పేరు తెలిసింది, అంతే. నింద మాత్రం సూది మీద పడింది.

సూది దారిలో క్యాన్సర్ కణాలు పడిన కేసులు అసలు లేవా? ఉన్నాయి. ప్రొస్టేట్ విషయంలో అవి చాలా చాలా అరుదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇన్ఫెక్షన్ గురించి. బయాప్సీ తర్వాత చలిజ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని పడుకోకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి రండి. మలద్వారం గుండా కాకుండా, దాని ముందున్న చర్మం నుంచి సూది పంపితే ఆ ప్రమాదం తగ్గుతుంది. మూత్రంలో కొన్ని రోజులు, వీర్యంలో కొన్ని వారాలు రక్తం కనిపించవచ్చు. దాన్ని చూసి 'పాకేసింది' అని హడలిపోవద్దు.

టెన్షన్ పడేవాళ్ల కోసం నేను, సూదిని వేగంగా వదిలే బయాప్సీ గన్‌ను ముందు గాల్లో ఒకసారి వదులుతాను. 'టక్' మంటుంది. ఆ చప్పుడు ఒకసారి వినేస్తే, తర్వాత ఉలిక్కిపడరు. మామూలుగా ఓ డజను ముక్కలు తీస్తాం. సీసాలో వేసి చూపిస్తే తెల్లటి దారప్పోగులా ఉంటుంది. "ఇంతేనా?" అంటారు చాలామంది.

కొన్నేళ్ల కిందట ఒక రిటైర్డ్ మాస్టారు కూడా ఇలాగే వద్దని వెళ్లిపోయారు. రెండేళ్లకు కొడుకు భుజం పట్టుకుని వచ్చారు. పీఎస్ఏ 600 దాటింది, వెన్నుపూసల నిండా మచ్చలు. పురుష హార్మోన్‌ను అణిచేస్తే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లో డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ చూపించిన దారి ఉంది కాబట్టి, ఇంజెక్షన్లతో నొప్పి తగ్గించగలిగాం. పూర్తిగా నయం చేసే అవకాశం మాత్రం దాటిపోయింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన్ని ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడాల్సింది. ఆ రోజు ఓపీ నిండా జనం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పీఎస్ఏ పెరిగితే క్యాన్సరేనా? కానక్కర్లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రానికి గొట్టం (కెథెటర్) వేసినా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ తగ్గాక కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించాలి. మూత్రం సాఫీగా వస్తోంది కాబట్టి ఏమీ లేదనుకోవచ్చా? ఈ క్యాన్సర్ ఎక్కువగా మూత్రనాళానికి దూరంగా, గ్రంథి అంచుల్లో పుడుతుంది. మొదట్లో ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు.

క్యాన్సర్ అని తేలితే వెంటనే కోసేయాలా? బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనం 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, గమనిస్తూ ఉండటం అని మూడు గుంపులుగా విడదీసింది. అందరిదీ గ్రంథి దాటని క్యాన్సరే. 15 ఏళ్లకు చూస్తే ఏ గుంపులోనైనా ఈ జబ్బుతో పోయినవాళ్లు నూటికి ముగ్గురు, అటూ ఇటుగా. అయితే ఎవరిని గమనిస్తూ ఊరుకోవచ్చో తేలాలంటే క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోర్ కావాలి. అది చెప్పేది మీరు వద్దంటున్న ఆ ముక్కే.

ఇంకొకటి. పీఎస్ఏ రిపోర్టుతో పాటు మందుల చీటీలన్నీ తెండి. గ్రంథి ఉబ్బు తగ్గించే ఫినాస్టరైడ్, డుటాస్టరైడ్ మందులు కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 కనిపిస్తే మేం 6గా లెక్కేసుకోవాలి. "ఏ మందులూ వాడట్లేదు" అని చెప్పి, లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "జుట్టు రాలకుండా ఒక మాత్ర వేసుకుంటున్నా, అది కూడా చెప్పాలా సార్?" అని అడిగినవాళ్లున్నారు. చెప్పాలి. అది ఫినాస్టరైడే.