ఉబుంటులో పిప్ ఎందుకు మొరాయిస్తోంది: ఒక పాత తగువు కథ

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండి కోర్సులు చేస్తున్న మన అనంతపురం, కడప పిల్లలు ఎస్పీ రోడ్డులో పాత కంప్యూటర్ కొనుక్కుని, విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తోందని ఉబుంటు (లినక్స్ మీద నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుంటారు. ఆప్ట్‌తో (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే కమాండ్) పిప్ (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, తెచ్చే ప్రోగ్రామ్) తెచ్చుకుని, ఇన్‌స్టిట్యూట్ నోట్సులో ఉన్నట్టే ‘పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అని కొడతారు. ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఎర్రర్ వస్తుంది. ఇన్‌స్టలేషనే చెడిందనుకుని ఉబుంటు మొత్తం మళ్లీ వేసేవాళ్లూ ఉన్నారు. చెడింది ఏమీ లేదు. ఉబుంటు పాత వెర్షన్ 22.04లో నడిచిన కమాండే అది. 24.04లో కావాలనే ఆపారు.

ఎందుకు ఆపారో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. గైడో వాన్ రోసమ్ పైథాన్, లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ రెండూ 1991లోనే బయటికొచ్చాయి. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. 2004లో వచ్చిన ఉబుంటుకు పునాది ఇదే. డెబియన్ పద్ధతి ఏమిటంటే, ప్రతి సాఫ్ట్‌వేర్ ఒకే చోటు నుంచి రావాలి, అన్నీ ఒకదానితో ఒకటి సరిపడే వెర్షన్లలో ఉండాలి. 1999 నుంచి ఆ పని ఆప్ట్ చూస్తోంది. పైథాన్ వాళ్ల తొందర వేరు. లైబ్రరీ రాసినవాడు ఇవాళ విడుదల చేస్తే ఇవాళే అందరికీ అందాలి. అందుకని 2003లో పైపీఐ (పైథాన్ లైబ్రరీలు పెట్టే ఆన్‌లైన్ గిడ్డంగి), 2008లో పిప్ వచ్చాయి. రెండు పద్ధతులూ న్యాయమైనవే. కానీ ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా.

అసలు చిక్కు ఎక్కడంటే, ఉబుంటు తన సొంత పనులకే పైథాన్ వాడుకుంటుంది. అప్‌డేట్లు చూపించే ప్రోగ్రామ్, కొత్త రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే చోటు) చేర్చే కమాండ్ పైథాన్‌లో రాసినవే. ఆప్ట్ తెచ్చిన లైబ్రరీలు ఒక ఫోల్డర్‌లో, ‘సుడో పిప్’ (అడ్మిన్ అధికారంతో నడిపిన పిప్) తెచ్చినవి ‘లోకల్’ కింద ఇంకో ఫోల్డర్‌లో పడేలా డెబియన్ వాళ్లు విడదీశారు. అది సగం పరిష్కారమే అయింది. ఏదైనా లైబ్రరీ కావాల్సి వస్తే పైథాన్ ముందుగా వెతికేది ఆ ‘లోకల్’ ఫోల్డర్‌నే. మీ ప్రాజెక్టు కోసం మీరు తెచ్చిన కొత్త వెర్షన్‌నే సిస్టమ్ ప్రోగ్రామూ తీసుకుంటుంది. దానికి తెలిసిన ఫంక్షన్ అందులో లేకపోతే అక్కడే కూలిపోతుంది.

ఇంకా ఘోరం, కొత్త పైథాన్ కావాలని సిస్టమ్‌లోని ‘పైథాన్3’ లింకునే మార్చేయడం. ఉబుంటు 18.04లో ఇలా చేస్తే కమాండ్లు కొట్టే విండో, అంటే టెర్మినలే తెరుచుకోదు. టెర్మినల్‌ని మొదలుపెట్టే చిన్న స్క్రిప్టు పైథాన్‌లో ఉంటుంది, దానికి కావాల్సిన మాడ్యూల్ కొత్త పైథాన్‌కి దొరకదు. బాగుచేయడానికి టెర్మినల్ కావాలి, అదేమో రాదు. ఊరికి దూరంగా, అడిగే మనిషి లేని గదిలో ఉన్న కుర్రాడు ఇక్కడ ఎంత బెంబేలెత్తుతాడో ఊహించుకోవచ్చు.

దారి మాత్రం ముందే ఉంది. ఇయాన్ బికింగ్ 2007లోనే వర్చువల్‌ఎన్వ్ రాశాడు. ప్రాజెక్టుకొక ఫోల్డర్, దాని లైబ్రరీలు దానిలోనే. 2012లో పైథాన్ 3.3తో ఆ ఆలోచన ‘వెన్వ్’ పేరుతో పైథాన్‌లోనే కలిసింది. ఇక్కడ డెబియన్, ఉబుంటుల తప్పు కూడా చెప్పాలి. తమ ప్యాకేజీ నియమాల కోసం అందులోని ఒక భాగాన్ని విడదీశారు. ఉబుంటు 14.04లో వెన్వ్ సరిగా పనిచేయనే లేదు. ఇవాళ్టికీ ‘పైథాన్3-వెన్వ్’ని ఆప్ట్‌తో విడిగా తెచ్చుకోవాలి. కొత్తవాళ్లు సుడో పిప్ వైపు మళ్లారంటే ఆ అడ్డంకి కూడా ఒక కారణమని నా నమ్మకం.

చివరికి 2021లో పెప్ 668 (పెప్ అంటే పైథాన్‌లో మార్పుల కోసం రాసే పత్రం) ప్రతిపాదన వచ్చింది. రాసినవాళ్లలో డెబియన్ వైపువాళ్లూ, పిప్ వైపువాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా మంచి పరిణామం అదే. దాని ప్రకారం సిస్టమ్ పైథాన్ ఫోల్డర్‌లో ఒక చిన్న గుర్తు ఫైల్ పెడతారు. అది కనిపిస్తే పిప్ ఆగిపోతుంది. 2023 జూన్‌లో డెబియన్ 12, 2024 ఏప్రిల్‌లో ఉబుంటు 24.04 ఆ ఫైల్‌తోనే వచ్చాయి.

ఎర్రర్ కిందే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అనే ఫ్లాగ్ (కమాండ్ చివర తగిలించే ఆప్షన్) కూడా చూపిస్తారు. యూట్యూబ్‌లో చూసి దాన్ని తగిలించేవాళ్లున్నారు. దయచేసి వద్దు, ఏం విరుగుతుందో ఆ పేరులోనే ఉంది. ఎర్రర్ మెసేజ్‌ని చివరిదాకా చదివితే వెన్వ్ ఎలా చేసుకోవాలో అందులోనే కమాండ్‌తో సహా రాసి ఉంటుంది. వెన్వ్‌ని యాక్టివేట్ చేశాక ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే వరుస మొదట్లో కనిపించే గుర్తు) ముందు బ్రాకెట్లలో దాని పేరు వస్తుంది. అక్కడి నుంచి అదే ‘పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ మారుమాట లేకుండా నడుస్తుంది. ఏదైనా చెడితే ఆ వెన్వ్ ఫోల్డర్ ఒక్కటి తీసేసి మళ్లీ చేసుకుంటే చాలు, ఉబుంటుని మళ్లీ వేయక్కర్లేదు.