ఊపిరి బిగబట్టి పట్టే గాలి

దక్షిణ ధ్రువంలో వాతావరణ శాస్త్రవేత్తలు ఏం చేస్తుంటారని అడిగితే మంచు తుఫాన్లు, పెంగ్విన్లు అంటారు చాలామంది. సరిగ్గా ధ్రువం దగ్గర పెంగ్విన్లు ఉండవు, సముద్రమే అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైన దూరం. వాళ్ల రోజువారీ పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఏమిటంటే, తమ ఊపిరి తగలకుండా గాలిని గాజుసీసాలోకి పట్టడం.

అమెరికావాళ్ల అముండ్సెన్-స్కాట్ స్టేషన్ ధ్రువం దగ్గరే, 2,835 మీటర్ల ఎత్తున, మంచు మీద ఉంది. ఫిబ్రవరి నడిమికి చివరి విమానం వెళ్లిపోయిందంటే మళ్లీ అక్టోబరు ఆఖరు దాకా రాకపోకలు ఉండవు, మిగిలేది ఓ నలభై మంది చిల్లర. అందులో గాలిని కొలిచే అబ్జర్వేటరీని చూసుకునేది ఇద్దరే. మైనస్ అరవై డిగ్రీల చలిలో, నెలల తరబడి తెల్లారని రాత్రిలో, మంచులో నాటిన జెండాల వరుస పట్టుకుని అర కిలోమీటరు నడిచి డ్యూటీకి పోతారు. గాలి అక్కడ దాదాపు ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వీస్తుంది కాబట్టి ఆ అబ్జర్వేటరీని స్టేషన్ పొగ తగలని వైపు కట్టారు, దాని అవతల బండ్లు, విమానాలు పోకూడదు.

సీసా నింపే పద్ధతి ఇదీ. గాలికి ఎదురుగా నిలబడాలి, శ్వాస బిగబట్టి మూత తిప్పాలి, గాలి పట్టాక కట్టేయాలి. ఎందుకంటే మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 4 శాతం, అంటే బయట గాలిలో ఉన్నదానికి ఇంచుమించు వంద రెట్లు. వీళ్లు వెతుకుతున్నదేమో పది లక్షల అణువుల్లో ఒక్క అణువు కంటే చిన్న తేడా. నోట్లోంచి వచ్చిన కాస్త ఆవిరి కలిసినా ఆ సీసా పనికిరాదు. అలా నింపిన సీసాలు శీతాకాలమంతా అక్కడే ఉండి, విమానాలు మొదలయ్యాక కొలరాడోలోని బౌల్డర్ ల్యాబుకు చేరతాయి.

ఈ మాట అనంతపురంలో డిగ్రీ పిల్లలకు చెబుతుంటే ఒకమ్మాయి, "సార్, గాలి పట్టుకునేకి అంత దూరం పోవాల్నా? ఈడ లేదా గాలి?" అంది. మంచి ప్రశ్న. ఇక్కడి గాలిలో దుమ్ము, లారీల పొగ, వేరుశనగ చేల తేమ అన్నీ కలిసి ఉంటాయి, గంటగంటకూ మారిపోతుంటుంది. అది మన ఊరి సంగతి చెబుతుంది. భూగోళమంతటి సంగతి కావాలంటే దేని పక్కనా లేని చోటు కావాలి. అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1957లో దక్షిణ ధ్రువంలో కొలతలు మొదలుపెట్టించినప్పుడు పది లక్షల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315. 2016 మే నెలలో 400 దాటింది. ఫ్యాక్టరీలు లేని ఖండం అది! మన ఉత్తరార్ధగోళంలో వదిలినది భూమధ్యరేఖ దాటి దక్షిణానికి కలవడానికి సుమారు ఏడాది పడుతుంది, కాబట్టి గుత్తి దగ్గర హైవే మీద లారీ వదిలిన దాంట్లో కొంత అక్కడికీ చేరుతుంది.

ఇంకో విషయం, ఈ పనికి విలువంతా ఆపకుండా చేయడంలోనే ఉంది. మన మండలాఫీసుల్లో ఉదయం ఎనిమిదిన్నరకు వాన లెక్క రాసుకునే మనిషిని చూడండి. ఒక్క రోజు అంకెతో ఏమీ తేలదు, అరవై డెబ్భై ఏళ్ల అంకెలు వరుసగా ఉంటేనే దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని ధైర్యంగా చెప్పగలం. అంటార్కిటికాలోనే హాలీ అనే బ్రిటిష్ స్టేషన్‌లో 1950ల నుంచి డాబ్సన్ యంత్రంతో ఓజోన్ కొలిచేవాళ్లు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అక్టోబరులో 300 యూనిట్ల దాకా ఉండే ఓజోన్ 200 కంటే కిందికి పడిపోయిందని జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ 1985లో ప్రకటించారు. రెండేళ్లకు, ఓజోన్‌ను దెబ్బతీసే వాయువుల వాడకం తగ్గించడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఫ్రిజ్‌లు, స్ప్రేలలో అప్పట్లో వాడిన వాయువుల క్లోరిన్, ఓజోన్ ఉండే ఎత్తులో మైనస్ 78 డిగ్రీల దిగువన ఏర్పడే మేఘాల మీద చురుకుదేలి, సెప్టెంబరులో ఎండ రాగానే ఓజోన్‌ను తినేస్తుందని తేలింది.

దక్షిణ ధ్రువంలోనూ, సూర్యుడే లేని నెలల్లో డాబ్సన్ యంత్రాన్ని చంద్రుడి మీదికి తిప్పి కొలుస్తారు, వెన్నెల బాగా ఉన్న రోజుల్లో. మామూలుగా అయితే బెలూన్. దానికి కట్టే చిన్న పెట్టెలో పొటాషియం అయొడైడ్ ద్రావణం, ఓ బుల్లి పంపు. గాలిలోని ఓజోన్ ద్రావణంలోకి పోతే అయొడిన్ విడుదలై కాస్త కరెంటు పుడుతుంది, ఆ కరెంటే లెక్క. పెట్టెను కొద్ది రోజుల ముందునుంచే సిద్ధం చేసుకుంటారు. చలికాలంలో రబ్బరు పెళుసెక్కి ముందే పగిలిపోతుందని పల్చటి ప్లాస్టిక్ బెలూన్లు ఎగరేస్తారు, దాదాపు ముప్ఫై కిలోమీటర్లు పోతాయి. ఓజోన్ రంధ్రం పడిన వారాల్లో పద్నాలుగు నుంచి ఇరవై కిలోమీటర్ల ఎత్తు మధ్య అంకె ఇంచుమించు సున్నాకు పడిపోతుంది. స్క్రీన్ మీద అది చూసే మనిషికి ఎలా ఉంటుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మిగతా జీవితం మామూలే: మంచు కరిగించిన నీళ్లు, వారానికి రెండుసార్లు రెండేసి నిమిషాల స్నానం, వంతులవారీగా గిన్నెలు తోమడం.

ఇలాంటి కొలతలు మన దగ్గరా ఉన్నాయి. గాలిలో తేలే సన్నటి రేణువులను (ఏరోసాల్) కొలిచే ఇస్రో నెట్‌వర్క్‌లో అనంతపురం ఒక కేంద్రం, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఏథలోమీటర్‌తో మసి కొలుస్తూ వచ్చారు. వడపోత టేపు మీద మసి పేరుకుంటే దాని గుండా పోయే కాంతి తగ్గుతుంది, అంతే సూత్రం. అదే రకం యంత్రాన్ని దక్షిణ ధ్రువంలోనూ నడిపారు, అక్కడి మసి మన ఊళ్లలో కంటే వెయ్యి రెట్లకు పైగా తక్కువ.

అంటార్కిటికాలో మన దేశానికి 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి స్టేషన్లు ఉన్నాయి. వాతావరణ శాఖ తన ఉద్యోగులను పంపుతుంది, మైత్రి నుంచి ఓజోన్ బెలూన్లూ ఎగురుతాయి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఏటా యాత్ర నడుపుతుంది, ఎంపికైన వాళ్లకు ఉత్తరాఖండ్‌లోని ఔలీ మంచులో శిక్షణ ఇస్తారు. శాస్త్రవేత్తలే కాదు, డాక్టర్లు, డీజిల్ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, వంటవాళ్లు కూడా కావాలి వాళ్లకు. ఐటీఐ చేసి ఖాళీగా ఉన్న తమ్ముళ్లు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న చెల్లెళ్లు ఆ సంస్థ ప్రకటనలు కాస్త చూస్తుండండి.