కత్తికి భయపడి పప్పుచారును మరిచిపోతాం: పసిపిల్లలు, వంటిల్లు - అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో చిన్నపిల్లల బడి నడుపుతున్నాను. మూడేళ్ల నుంచి ఆరేళ్ల వాళ్లు. వారానికి ఒకరోజు వాళ్లే ఏదో ఒకటి కడిగి, తుంచి, కలిపి తింటారు. ఈ సంగతి ఇంట్లో తెలియగానే అమ్మలు, అవ్వలు వచ్చి అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. "బిడ్డ చెయ్యి కోసుకుంటే ఎవురు చూసేది మేడం?" అనేది అన్నిటికంటే ముందు వస్తుంది. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే కత్తిని చూసి కంగారుపడే ఇళ్లలోనే అప్పుడే దించిన పప్పుచారు గిన్నె నేల మీద, బిడ్డ కాళ్లకు అడ్డంగా ఉండటం చూస్తుంటాను. మన భయాలు చాలావరకు తప్పుడు చోట ఉన్నాయి.

అపోహ: పొయ్యి దగ్గరికి రానివ్వకపోతే చాలు

వంటింట్లో పసిపిల్లలు ఎక్కువగా కాలేది మంట వల్ల కాదు, వేడి ద్రవాల వల్ల. పైగా అవి పొయ్యి మీద ఉన్నప్పుడే ఒలకాలని లేదు. గట్టు అంచున పెట్టిన టీ గ్లాసు, వార్చిన గంజి, వడ్డించడానికి చాప పక్కన పెట్టిన చారు గిన్నె, కిందికి వేలాడే కెటిల్ వైరు. వీటిలో ఒక్కటీ పొయ్యి మీద లేదు చూడండి. 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చడానికి 5 సెకన్లు చాలు. పిల్లల చర్మం పలచన కాబట్టి వాళ్లకు ఆ టైమ్ కూడా పట్టదు. దించిన చారు అంతకంటే చాలా వేడిగా ఉంటుంది.

మా బడిలో పొయ్యి చుట్టూ ఒక పెద్ద అంగ దూరంలో సుద్దతో గీత గీస్తాం. పొయ్యి వెలిగి ఉన్నంతసేపు ఆ గీత దాటేది పెద్దవాళ్లే. మూడేళ్ల వాళ్లకు 'ప్రమాదం' అంటే ఏమీ అర్థం కాదు కానీ గీత అర్థమవుతుంది, దాటిన వాళ్ల మీద చాడీలు కూడా చెప్తారు. ఇంట్లో అయితే గిన్నెల కాడలు లోపలివైపు తిప్పండి, వేడివి గట్టు మీద వెనక్కి పెట్టండి, బిడ్డను ఎత్తుకుని టీ తాగకండి. ఒక్క గదిలో కాపురం ఉండే ఇళ్లలో స్టవ్‌ను నేల మీదే పెడుతుంటారు. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. బిడ్డ కూర్చునేదీ అక్కడే. కాబట్టి బిడ్డకు పని నేర్పే ముందు స్టవ్‌ను పైకి ఎక్కించండి.

సంగటి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ముద్ద పైన చల్లారినట్టు ఉంటుంది, లోపల మాత్రం పొగలే. తడిచేత్తో ముద్ద కట్టే పని బిడ్డకు ఇవ్వాలనిపిస్తే, ముందు మీరు వేలు లోపలికి గుచ్చి చూడండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కాలితే, కుళాయి కింద మామూలు చన్నీళ్లతో 20 నిమిషాలు. ఐసు వద్దు. టూత్‌పేస్టు, నెయ్యి, పసుపు, ఇంకు ఏదీ వద్దు. వాపు రాకముందే గాజులు, కడియాలు తీసేయండి. చర్మానికి అంటుకున్న బట్టను లాగకండి, బొబ్బను చిదమకండి. కాలిన చోటు బిడ్డ అరచేతి కంటే పెద్దగా ఉన్నా, ముఖం, చేతులు, మర్మాంగాల దగ్గర అయినా నేరుగా ఆసుపత్రికి. బండి లేకపోతే 108. ఈ 20 నిమిషాల సంగతి బిడ్డను చూసుకునే అవ్వకు, పనిమనిషికి కూడా చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ టైమ్‌లో ఇంట్లో ఉండేది వాళ్లే.

అపోహ: బడికి పోయే బిడ్డకు కత్తి ఇవ్వకూడదు

ఏ కత్తి, ఏ కూరగాయ అన్నదాన్ని బట్టి. మూడేళ్ల వాళ్లు చేత్తో తుంచుతారు: కొత్తిమీర, కరివేపాకు, బీన్స్. నాలుగేళ్లకు వెన్న రాసే కత్తితో అరటిపండు, ఉడికించిన ఉర్లగడ్డ కోస్తారు. ఐదు, ఆరేళ్లకు చిన్న పళ్ల కత్తితో కీరకాయ కోయగలరు, మీరు పక్కన ఉంటే. కాయను ముందు మీరు నిలువుగా రెండు చెక్కలు చేసి, కోసిన వైపు పలక మీద బోర్లించి ఇవ్వాలి. అప్పుడు దొర్లదు. పట్టుకున్న చేతి వేలి కొసలు లోపలికి ముడుచుకోవాలని చూపించండి. మొద్దుబారిన కత్తి ఇస్తే క్షేమం అనుకుంటారు కానీ అది తెగక జారుతుంది, జారేటప్పుడు బలం వేలి మీదికి పోతుంది.

ఈలపీట (కత్తిపీట) మాత్రం వద్దు. దాని అలుగు పైకి నిలబడి ఉంటుంది, కాయనూ చేతినీ దాని మీదికి మనమే తోయాలి. జారితే చెయ్యి పోయేది నేరుగా అలుగు మీదికే. "మేము ఆరేళ్లకే ఈలపీట ముందర కూర్చున్నాం" అంటారు అవ్వలు. నిజమే అవ్వా, ఆ వేలి మీద గాటు కూడా మీరే చూపించారు కదా.

అపోహ: ఇంట్లో సరుకులే కదా, ఏది ఇచ్చినా పర్వాలేదు

మన వైపు ఈ మాటకు మొదటి అడ్డంకి చెనిక్కాయలు (వేరుశనగ). వేయించిన గింజల పొట్టు నలిపి ఊదడం పిల్లలకు ఎంత ఇష్టమైన పనో! కానీ ఐదేళ్ల లోపు బిడ్డ చేతికి గింజ ఇస్తే అది నోట్లోకి పోతుంది, నవ్వినా ఏడ్చినా ఊపిరిగొట్టంలోకి జారే ప్రమాదం ఉంది. ఆ వయసుకు గట్టివాటిని మెత్తగా నమలడం ఇంకా సరిగా రాదు. వాళ్లకు పొడి చేసిన చెనిక్కాయలే. ఐదేళ్లు దాటిన వాళ్లకు ఇవ్వొచ్చు, కూర్చుని చేయాలి, నోట్లో వేసుకుని పరిగెత్తకూడదు. చింతపండు ఈనెలు తీసే పని ఇస్తే ముందు గింజలు మీరు తీసేయండి. గుండ్రటి ద్రాక్షపండు కూడా అంతే, నిలువునా నాలుగు ముక్కలు చేశాకే.

రెండోది మిరపకాయ. మిరపకాయ ముట్టిన చెయ్యి కంటికి పోతే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కారానికి కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే వట్టి నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు. చేతికి ముందు నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం నూనె జోలికి పోకుండా ధారగా నీళ్లు పోస్తూ కడగండి. ఊరిబిండి నూరే రోజున పిల్లల్ని బయట ఆడుకోనివ్వడమే నయం.

చపాతీ పిండి పిసుకుతూ పచ్చిపిండి తినడం, గుడ్డు గిలక్కొట్టి వేలు నాకడం ఆపాలి. రెండింటిలోనూ కడుపు పాడుచేసే క్రిములు ఉండొచ్చు, ఉడికితేనే చస్తాయి. పని మొదలుపెట్టే ముందే కాదు, గుడ్డు ముట్టిన తర్వాత కూడా సబ్బుతో చేతులు కడిగించండి.

అపోహ: వాళ్లే వండితే అన్నీ తింటారు

ఇది యూట్యూబ్ అమ్మిన ఆశ. బిడ్డ అరగంట కూర్చుని చుక్కాకు, చెంచలాకు తుంచుతుంది, పులగూర ఎనపడం చూస్తుంది, తీరా ముద్ద పెడితే నోరు తిప్పుకుంటుంది. అప్పుడు అమ్మ ముఖం చూడాలి. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండిని అనుమానించడం ఎదుగుదలలో మామూలు విషయం. ఒక రుచికి అలవాటు పడటానికి 8 నుంచి 15 సార్లు ఎదురుపడాల్సి రావచ్చు. తుంచడం, వాసన చూడటం, నాలుకకు తాకించి ఉమ్మేయడం కూడా ఆ ఎదురుపడటంలో భాగమే. అంటే వంటపని దారిని కాస్త దగ్గర చేస్తుంది, అంతే. "నువ్వే కదా చేసినావు, తిను" అని బలవంతపెడితే బిడ్డ రేపు ఆకు తుంచడానికి కూడా రాదు.

రాగుల విషయంలో ఆశ పెట్టుకోవచ్చని నా అనుభవం. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుందని తల్లులకు చెప్తే తలూపుతారు. పిల్లలకు ఆ లెక్క పట్టదు. పిండి జల్లెడ పట్టనిస్తే మాత్రం ఆ రోజు సంగటి గిన్నె దగ్గర వాళ్లే ముందుంటారు.

అపోహ: బొమ్మ వంటసామాన్లు కొనిస్తే సరిపోతుంది

తిరుమల కొండ మీద అంగళ్లలో దొరికే చెక్క వంటసామాన్లు అందంగా ఉంటాయి, ఆడుకోవడానికి బాగుంటాయి. కానీ ఉత్త గిన్నెలో ఉత్త గరిట తిప్పితే ఏదీ ఒలకదు, ఏదీ చిక్కబడదు. చెయ్యికి అదుపు వచ్చేది ఒలికినప్పుడే. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన బడిలో పిల్లలు నిజమైన సామాన్లతో, తమ చేతికి పట్టే సైజు వాటితో పనులు చేశారు. ఆమె 1939లో మనకు దగ్గర్లోని మద్రాసుకే వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు ఆమె పేరు బోర్డు మీద లేని వీధి కనిపించదు. లోపల పిల్లల చేతికి నీళ్ల జగ్గు ఇచ్చే బడులు మాత్రం తక్కువ. ఇంట్లో దీనికి ఖర్చు లేదు: చిన్న చెంబు, చిన్న గరిట, అంచు ఉన్న స్టీలు పళ్లెం.

అపోహ: పని రెండింతలు అవుతుంది

ఇది అపోహ కాదు, నిజమే. పిండి నేల మీద పడుతుంది, పప్పు చిందుతుంది, అరగంట పని గంట పడుతుంది. అందుకే పొద్దున స్కూలు ఆటో హారన్ కొట్టే వేళకు ఈ ప్రయోగం పెట్టుకోకండి. టెన్షన్‌లో మీరు అరుస్తారు, బిడ్డకు వంటిల్లంటే అరుపులే గుర్తుంటాయి. సెలవురోజు సాయంత్రం, ఒకే ఒక్క పని, పళ్లెంలో పెట్టి. మూడేళ్ల బిడ్డ కొన్ని నిమిషాలకే లేచిపోతే పోనివ్వండి, పూర్తి చేయాల్సిందేనని పట్టుబట్టకండి. పళ్లెం తుడిచి పెట్టమనండి, చాలు.

ఇంకో మాట: గ్లాసు కొలిచిన ప్రతిసారీ "ఇవి ఎన్ని? ఇంకొకటి వేస్తే ఎన్ని?" అని పరీక్ష పెట్టకండి. లెక్క తనంతట తనే వస్తుంది.

అపోహ: మగపిల్లాడికి ఇవన్నీ ఎందుకు

తిరుమల పోటులో, అంటే గుడి వంటశాలలో, లడ్డూ పట్టేది ఎవరు? మన పెళ్లిళ్లలో వంట మాస్టర్లు ఎవరు? ఈ ఊళ్లో ఈ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

దేనితో మొదలుపెట్టాలంటే

నాలుగేళ్లు దాటిన వాళ్లకు బొరుగులు (మరమరాలు) మంచివి, పొయ్యితో పనే లేదు. బొరుగులు బిడ్డ కొలుస్తాడు, కొత్తిమీర తుంచుతాడు. ఎర్రగడ్డ, టమోటా మీరు తరిగి ఇవ్వండి, పచ్చిమిరక్కాయ మీరే పెద్దవాళ్ల వాటాలో వేసుకోండి. చెనిక్కాయలు పొడిగా. ఉప్పు చెంచాతో కొలిచి ఇవ్వండి, డబ్బా ఇవ్వకండి. నిమ్మచెక్క పిండే పని మాత్రం పూర్తిగా బిడ్డకే వదిలేయండి, రెండు చేతులా బలమంతా పెట్టి పిండుతాడు. గింజలు ముందే తీసేయడం మరవకండి, వేలికి ఏదైనా గాటు ఉందేమో కూడా చూడండి.