బస్తా ట్యాగు వెనక: పిల్లలకు ఉత్తరం

ఆమదాలవలస

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈసారి ఊరొచ్చినప్పుడు వరి విత్తనాల బస్తాకి కుట్టిన ట్యాగు చూడండి. నీలం రంగుదైతే సర్టిఫైడ్, అంటే ధ్రువీకరణ సంస్థ పరీక్షించి ఒప్పుకున్న విత్తనం. తెల్లదైతే ఫౌండేషన్, అంటే సర్టిఫైడ్ విత్తనం పండించడానికి వాడే మూల విత్తనం. ఆకుపచ్చదైతే కంపెనీ తానే పరీక్ష చేసుకుని, తానే పూచీపడి అమ్మే విత్తనం. దుకాణాల్లో టీఎల్ (ట్రూత్‌ఫుల్ లేబుల్) అంటారు. మొలక వరికి కనీసం 80 శాతం ఉండాలి, వేరుశనగకి 70 చాలు. వేరుశనగ పైపొర పలచన, కాయ ఒలిచేటప్పుడు దెబ్బతింటుంది, నూనెగింజ కాబట్టి నిల్వలో తొందరగా చచ్చుపడుతుంది. ఇలాంటి నిబంధనలు రాసేటప్పుడు విత్తన వ్యాపారుల మాట ఎంతవరకు చెల్లుతుందో చెబుతాను.

అన్నిటికీ మూలం 1966 విత్తన చట్టం. దాని కింద కేంద్ర విత్తన కమిటీ ఉంది: ఛైర్మన్, రాష్ట్రానికొక ప్రతినిధి, కేంద్రం నామినేట్ చేసే 8 మంది. ఆ 8 మందిలో విత్తనం పండించేవాళ్లు ఇద్దరికి తగ్గకూడదు. అమ్మేవాళ్లకంటూ చట్టంలో కుర్చీ రాసిపెట్టలేదు. అందుకే వాళ్లు సంఘం కట్టుకుని వెళ్తారు. దేశం మొత్తానికి నేషనల్ సీడ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, ఫెడరేషన్ ఆఫ్ సీడ్ ఇండస్ట్రీ ఆఫ్ ఇండియా పెద్దవి.

ఆ చట్టంలో ఒక కంత ఉంది. దాని పట్టు నోటిఫై అయిన, అంటే ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన రకాల మీదే. రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు లాంటి వరి రకాలు ఆ దారిలో వస్తాయి. విజయనగరం వైపు రబీలో వేసే ప్రైవేటు మొక్కజొన్న హైబ్రిడ్లు చాలావరకు టీఎల్‌గానే అమ్ముడవుతాయి. అమ్మే ప్రతి రకమూ రిజిస్టరు కావాలని 2004లో బిల్లు పెట్టారు, పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలించింది, చట్టం మాత్రం కాలేదు. 2025 నవంబరులో మళ్లీ కొత్త ముసాయిదా వచ్చింది. అభిప్రాయాలకి డిసెంబరు 11 దాకా గడువిచ్చారు.

వ్యాపారుల సంఘం అసలు పని ఆ గడువు రోజుల్లోనే. ముసాయిదా సభ్య కంపెనీలకి వెళ్తుంది. న్యాయం తెలిసినవాళ్లు, రకాలు తయారుచేసే శాస్త్రవేత్తలు, గోదాము చూసేవాళ్లు, అమ్మకాలవాళ్లు ఎవరి భాగం వాళ్లు చదువుతారు. తర్వాత నాలుగు గడుల పట్టిక వేస్తారు: క్లాజు నంబరు, ఇప్పుడున్న మాట, మార్చమంటున్న మాట, కారణం. ‘ఇది అన్యాయం’ అని రెండు పేజీలు రాస్తే ఏ అధికారీ చదవడు. మార్చాల్సిన వాక్యం రాసిస్తేనే ఫైల్లోకి ఎక్కుతుంది.

ఒక గడి ఎలా నిండుతుందో చూడండి. ఇన్‌స్పెక్టరు దుకాణంలో శాంపిల్ తీసి మూడు భాగాలు చేస్తాడు. ఒకటి దుకాణదారుకి, ఒకటి ల్యాబుకి, ఒకటి తన దగ్గర. ల్యాబులో 400 గింజలు, వందేసి చొప్పున మొలకకి పెడతారు. వరికి ఆఖరి లెక్క 14వ రోజున. 74 శాతమే వచ్చిందనుకోండి, తప్పెవరిది? మామూలు సంచిలో వరి విత్తనం తేమ 13 శాతం దాటకూడదు. పచ్చిగా ఉండగానే సంచి కుడితే కంపెనీది. మన వానాకాలంలో బస్తాలు గోడకి ఆనించి, చెక్క లేకుండా నేలమీదే పేరిస్తే దుకాణదారుది. కాబట్టి ‘కుట్టు విప్పని బస్తాలోంచే శాంపిల్ తీయాలి, నిల్వ ఎలా ఉందో అక్కడే రాసుకోవాలి’ అని సంఘం అడగొచ్చు. సబబే. ‘మరి మొలవని మడికి నష్టం ఎవరిస్తారు?’ అని అధికారి ఎదురడిగితే మటుకు సంఘాల జవాబు పలచబడుతుంది. వాళ్లు అమ్మేవాళ్ల తరఫున మాట్లాడుతున్నారని మర్చిపోకూడదు.

శిక్షల దగ్గరా ఇంతే. పాత చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 500 రూపాయలకి మించదు; ఈ రోజుల్లో అది నవ్వులాట. కొత్త ముసాయిదాలో 30 లక్షల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉన్నాయి. లేబుల్లో అచ్చుతప్పునీ నకిలీ విత్తనాన్నీ ఒకే గాటన కట్టొద్దని వ్యాపారులు అడగడం న్యాయమే.

వ్యాపారులంతా ఒకే మాట మీద ఉంటారనుకోకండి. బీటీ పత్తికి 450 గ్రాముల ప్యాకెట్టు మీద 1,250 రూపాయల రాయల్టీ (ఆ టెక్నాలజీ వాడుకున్నందుకు దాని సొంతదారు కంపెనీకి మిగతా కంపెనీలు కట్టే రుసుము) తీసుకుంటున్నప్పుడు, 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఫిర్యాదు చేసి ప్యాకెట్టు ధర 750కి దించింది. 2015లో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, మరుసటేడు రాయల్టీని 49 రూపాయలు చేసింది. రాయల్టీ కట్టే కంపెనీలు సంతోషించాయి, పుచ్చుకునే కంపెనీ గోలపెట్టింది.

చట్టం అయ్యాక రూల్స్ వస్తాయి. ఫీజులు, ఫారాలు, గడువులు అక్కడే ఉంటాయి కాబట్టి తెలివైన సంఘం అప్పుడే ఎక్కువ తిరుగుతుంది. రైతు సంఘాలు ఎక్కువగా ఇక్కడే వెనకబడతాయి.

రైతు చేతిలో ఉన్నవీ తక్కువేం కాదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల మీద వచ్చిన 2001 చట్టం 39వ సెక్షను ప్రకారం తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్మనూవచ్చు. బ్రాండు పేరుతో మాత్రం కాదు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి కేసు నిలబడాలంటే లాట్ నంబరున్న రశీదు, ట్యాగు, ఖాళీ సంచి కావాలి. నారు పోసిన రోజునే ఆ సంచి కాళ్లు తుడుచుకునే పట్టా చేసేయకుండా, కోతలయ్యేదాకా దాయమని నాన్నకి చెప్పండి.

మీ తాతయ్య