పట్టా లేని పొలం మీది కాదని ఎవరన్నారు?

ఏజెన్సీ గ్రామాల్లో భూమి హక్కుల మీద పనిచేసేవాళ్లకు చట్టం తెలియనివాళ్లతో పెద్ద ఇబ్బంది ఉండదు. చట్టం గురించి తప్పుడు మాట నమ్మి, హక్కు వదులుకున్నవాళ్లను చూస్తేనే బాధ. తరచూ వినే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: కాగితం లేకపోతే పోడు భూమికి, అంటే అడవిలో చదును చేసి సాగు చేసుకునే భూమికి, హక్కు రాదు.

వాస్తవం: 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చిందే కాగితం లేనివాళ్ల కోసం. ఆదివాసీ కుటుంబం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉంటే, సాగులో ఉన్నంత మేరకు, నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు కోరవచ్చు. నియమాల్లో చెప్పిన ఆధారాల్లో కనీసం రెండు చూపాలి. రేషన్ కార్డు, ఓటరు కార్డుతో పాటు పొలం గట్లు, పాత గుడిసె, సమాధులు, ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఆధారాలే. వాంగ్మూలం ఇచ్చే పెద్ద మాత్రం దరఖాస్తుదారు కాకూడదు.

చాలా ఊళ్లలో ఈ వాంగ్మూలాన్ని ‘ఎంతోకాలంగా సాగు చేస్తున్నారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అలా రాయకండి. ఒక పెద్దామె దరఖాస్తుదారు కుటుంబం గురించి నాతో, ‘ఇప్పచెట్టు పక్క గట్టు వాళ్ల మామ వేస్తుంటే నేనూ రాళ్లు మోశాను. అప్పటికి నా పెద్దోడు చంకలో పిల్లాడు’ అంది. ఆ పెద్దకొడుకు ఓటరు కార్డు చూస్తే గట్టు ఎప్పటిదో తెలిసిపోయింది. పెద్దలను తొందరపెట్టకుండా కూర్చుని వింటే ఇలాంటి ఆధారాలు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి.

అపోహ: ఉపగ్రహ చిత్రంలో సాగు కనబడకపోతే దరఖాస్తు పోయినట్లే.

వాస్తవం: 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే. వాటి స్థానంలో దాన్ని నిలబెట్టకూడదు.

అపోహ: గిరిజనుడు ఇష్టపడి, డబ్బు తీసుకుని రాసిస్తే అమ్మకం చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, గిరిజనేతరుడికి భూమి బదిలీ 1/70 చట్టం (1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్) ప్రకారం చెల్లదు. తెల్లకాగితం మీద రాసినా అంతే. కౌలు, తాకట్టు కూడా బదిలీ కిందికే వస్తాయి. అమ్మేవాడు గిరిజనేతరుడైనా ఇదే నియమం. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. ఈ సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు తమ పొలంలోనే కూలికి వెళ్తున్నాయో! ప్రభుత్వం సైతం తన భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అపోహ: అటవీ హక్కు పత్రం ఇంటాయన పేరున ఉంటే చాలు.

వాస్తవం: దంపతులైతే ఇద్దరి పేర్లూ ఉండాలి. ఆ భూమి వారసులకు వస్తుంది, అమ్మకానికి పనికిరాదు.

అపోహ: అటవీ హక్కు దరఖాస్తు తిరస్కరించారంటే ఖాళీ చేయాల్సిందే.

వాస్తవం: విచారణ పూర్తయ్యేవరకు ఖాళీ చేయించరాదు. తిరస్కరణను కారణాలతో రాతపూర్వకంగా తెలపాలి. గ్రామసభ తీర్మానంపై అభ్యంతరముంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి వెళ్లవచ్చు. నోటిమాటగా ‘పోయింది’ అంటే లేచి వచ్చేయకండి. కాగితం అడిగి, అది అందిన తేదీ దానిమీదే రాయించుకోండి.