రెండు బంట్లతో మూడింటి మీదికి

తిరుపతి, చిత్తూరు చెస్ క్లాసుల్లో మంత్రి ముందు బంటును డి4కు (డి నిలువు వరుసలో నాలుగో గడికి) తోసి ఆట మొదలుపెట్టే పిల్లలకు తొలి పది ఎత్తులు కంఠతా వచ్చేస్తాయి. పదకొండో ఎత్తు దగ్గర చెయ్యి ఆగిపోతుంది: "ఇప్పుడేం ఆడాల సార్?" బంట్ల అమరిక చూడమనే చెప్పాలి.

ఇలా మొదలయ్యేవాటిలో క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్ పాత ఓపెనింగ్ (తొలి ఎత్తుల వరుస). 1927లో కాపాబ్లాంకా, అలెఖిన్ ప్రపంచ టైటిల్ కోసం ఆడిన 34 ఆటల్లో 32 ఈ ఓపెనింగ్‌వే. డి4 డి5, సి4 ఇ6, గుర్రాలు సి3, ఎఫ్6. ఇక్కడ తెలుపు సి-బంటుతో డి5ను కొడితే నలుపు ఇ-బంటుతో తిరిగి కొట్టి, తర్వాత సి6తో దానికి దన్ను ఇస్తుంది. దీన్నే కార్ల్స్‌బాడ్ అమరిక అంటారు. మంత్రి వైపు తెలుపుకు రెండు బంట్లు, నలుపుకు మూడు. ఆ రెండింటితోనే మూడింటి మీదికి వెళ్లడం మైనారిటీ అటాక్.

మనం తెలుపు అనుకుందాం. మన బిషప్‌లు జి5, డి3లో, మంత్రి సి2లో, గుర్రం ఎఫ్3లో. క్యాస్లింగ్ (రాజును ఏనుగు చాటుకు చేర్చడం) అయ్యాక ఎ1 ఏనుగు బి1కి, ఆపై బి4, బి5. నలుపు ముందుగా ఎ5 ఆడితే మనం ఎ3 ఆడాకే బి4.

బి5 పడ్డాక నలుపుకు ఏ దారీ సుఖంగా ఉండదు. తానే బి5ను కొడితే డి5 బంటు పక్క వరుసల్లో తోడు లేక ఒంటరిదవుతుంది. సి5కు తోస్తే మనం డి-బంటుతో కొడతాం, మళ్లీ డి5 ఒంటరే. ఊరుకుంటే మనమే సి6ను కొడతాం. బి-బంటుతో తిరిగి కొట్టాక సి6కు కాపలాగా బంటు మిగలదు, ముందుకు పోదామన్నా సి5 మీద మన డి4 కన్ను ఉంటుంది. ఏనుగు సి1కి, గుర్రం ఎ4 మీదుగా సి5కు చేరితే ఎండ్‌గేమ్ దాకా నలుపు పావులు ఆ బంటును కాచుకుంటూ కూర్చోవాల్సిందే. బంటు దొరకకపోయినా ఫర్వాలేదు, ఆ బలహీనతే మనకు కావలసింది.

ఎక్కువగా బెడిసికొట్టేది బి4 దగ్గరే. వెంటనే నలుపు తనే బి5 ఆడి, గుర్రాన్ని సి4లో నిలిపితే సి6 దాని వెనక దాక్కుంటుంది. ఆ గుర్రం డి7లో ఉంటే బి6 మీదుగా రెండే ఎత్తులు. ఎఫ్8కి పోయి ఉంటే మూడు. లెక్కపెట్టాకే బి4 తోయాలి. అటు రాజు వైపు కూడా చూడాలి: నలుపు గుర్రం ఇ4లో దిగి, ఏనుగు ఇ8 నుంచి లేస్తే ప్రమాదమే. పావుల మార్పిడి జరిగేకొద్దీ ఆ దాడి చప్పబడుతుంది.

ఇంకో ప్రణాళిక సోవియట్ ఆటగాడు బోట్విన్నిక్ 1952లో కెరెస్ మీద ఆడింది: రాజు వైపు గుర్రాన్ని ఇ2లో పెట్టి, ఎఫ్3, ఇ4 తోయడం. గుర్రం ఎఫ్3కి వెళ్లిపోతే ఎఫ్-బంటు కదలదు. అందుకే ఏ ప్రణాళికో ఆ గుర్రాన్ని ముట్టుకోకముందే తేల్చుకోవాలి.