ఆగస్టు 23కి ముందు మాస్కోలో ఏం జరిగింది?

ఆగస్టు 23 దగ్గర పడుతుంటే రష్యా, పోలండ్‌ల మధ్య పాత తగాదా మళ్లీ రాజుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధానికి దారి తీసిందెవరు? 1939లో ఆ రోజున, ఒకరి మీద ఒకరు దాడి చేసుకోబోమంటూ జర్మనీ, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న నాజీ–సోవియట్ ఒప్పందమేనని 2019 సెప్టెంబర్‌లో యూరోపియన్ పార్లమెంటు తీర్మానించింది. పుతిన్‌కి అది మింగుడు పడలేదు. 2024 ఫిబ్రవరిలో ఒక ఇంటర్వ్యూలో, హిట్లర్‌ని యుద్ధంలోకి నెట్టింది పోలండేనని అన్నారు.

వెర్సాయ్ సంధి, జర్మనీలో నిరుద్యోగం, 1933లో హిట్లర్ గద్దెనెక్కడం అందరూ బడిలో చదువుకున్నవే. ఇవాళ్టి గొడవకి ముడి పడింది 1939 ఆగస్టులో, మాస్కోలో.

హిట్లర్ చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్‌ని ఆక్రమించి అప్పటికి ఐదు నెలలు. స్టాలిన్‌తో పొత్తు మాట్లాడటానికి బ్రిటన్, ఫ్రాన్స్ సైనిక బృందాలు ఆగస్టు 5న బయల్దేరాయి. విమానంలో కాదు, నింపాదిగా సాగే ఓడలో! మాస్కో చేరేసరికి ఆగస్టు 11 అయింది. తీరా చర్చలకు కూర్చున్నాక, బ్రిటిష్ బృంద నాయకుడు అడ్మిరల్ డ్రాక్స్ దగ్గర రాతపూర్వక అధికారపత్రమే లేదని తేలింది. 14న సోవియట్ రక్షణ మంత్రి వొరొషిలోవ్ సూటిగా అడిగారు: జర్మనీతో తలపడాలంటే మా సైన్యం పోలండ్, రుమేనియాల గుండా వెళ్లాలి, వాళ్లు ఒప్పుకుంటారా? పోలండ్ ఒప్పుకోలేదు. 21న చర్చలు ఆగిపోయాయి. 23న హిట్లర్ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ ఒప్పందం కోసం మాస్కోలో దిగాడు.

పశ్చిమ దేశాలు సాగదీశాయి, పోలండ్ అడ్డుపడింది, మాకు వేరే దారి లేకపోయింది అన్నది రష్యా వాదన. చెకొస్లొవేకియాలో కొంత భాగాన్ని హిట్లర్‌కి అప్పగించిన 1938 మ్యూనిక్ ఒప్పందం తర్వాత, ఆ దేశం నుంచి టెషెన్ ప్రాంతాన్ని పోలండ్ లాక్కోలేదా అని కూడా అడుగుతుంది. లాక్కుంది. దాన్ని పాపమని పోలండ్ అధ్యక్షుడు లేఖ్ కచిన్‌స్కీ 2009 సెప్టెంబర్ 1న, పుతిన్ కూడా హాజరైన సభలోనే, ఒప్పుకున్నారు.

మరి దారి ఇవ్వడానికి పోలండ్ ఎందుకు నిరాకరించింది? 1920లో ఎర్రసైన్యం, అంటే సోవియట్ సైన్యం, పోలండ్ రాజధాని వార్సా పొలిమేరల దాకా వచ్చింది. దాన్ని వెనక్కి తరిమి పంతొమ్మిదేళ్లే అయింది. ఒకసారి రానిస్తే మళ్లీ పోతారా అన్నది వాళ్ల భయం. అది ఉత్తి భయం కాదని నెల తిరక్కుండానే రుజువైంది. సెప్టెంబర్ 1న జర్మనీ పడమటి నుంచి వచ్చింది, 17న ఎర్రసైన్యం తూర్పు నుంచి వచ్చింది. 1940లో కాటిన్ అడవిలో, మరికొన్ని చోట్ల దాదాపు 22 వేల మంది పోలిష్ సైనికాధికారులను, ఇతర ఖైదీలను సోవియట్ రహస్య పోలీసులు కాల్చి చంపారు.

'వేరే దారి లేక' అన్న మాటకు ఇంకో చిక్కుంది. మాస్కోలో చర్చలు పూర్తిగా ముగియకముందే, ఆగస్టు 19న, బెర్లిన్‌లో సోవియట్ ప్రతినిధులు జర్మనీ ఇచ్చే 20 కోట్ల మార్కుల అప్పుతో వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్నారు. పైగా 23 నాటి ఒప్పందం ఒకరి మీద ఒకరు దాడి చేసుకోకుండా ఉండటానికే అయితే, నరేవ్, విస్తులా, సాన్ నదుల వెంట పోలండ్‌ని పంచుకునే రహస్య పత్రంతో పనేముంది? అలాంటి పత్రమే లేదని మాస్కో దశాబ్దాల పాటు బుకాయించింది. 1989 డిసెంబర్‌లో సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభే ఉందని ఒప్పుకుని ఖండించింది.

పుతిన్ కూడా 2009లో ఒక పోలిష్ పత్రికకు రాసిన వ్యాసంలో ఆ ఒప్పందాన్ని అనైతికమన్నారు. 2015 మే నెలలో అప్పటి జర్మనీ చాన్సలర్ మెర్కెల్ పక్కన నిలబడి, సోవియట్ భద్రత దృష్ట్యా అందులో అర్థం ఉందన్నారు.